టీ రంగు కెరటం

మా వైపు సముద్రం అంటే అంతర్వేది. అంతర్వేది అంటే ముందు నరసింహస్వామి దర్శనం, తర్వాత లైట్‌హౌసు, ఆ తర్వాత ఆటో మాట్లాడుకుని అన్నాచెల్లెళ్ల గట్టు, అక్కడ మోకాళ్ళ దాకా దిగి ఫోటోలు తీసుకుని, బట్టలు పిండుకుని ఇంటికి. ఇంటి నుంచి 14 కిలోమీటర్లే అయినా నాకు 20 ఏళ్ళు వచ్చేదాకా సముద్రంతో నా పరిచయం అంతే. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు తెల్లారకముందే కెమెరా పెట్టె పట్టుకుని పల్లిపాలెం వైపు ఒడ్డున ఉంటున్నా, మెడ లోతు నీళ్ళలో నిలబడి కెరటం మీద పడే ముందు ఒక్క క్షణం దాని లోపలికి చూస్తున్నా. ఇదెలా మొదలైందని చాలామంది అడుగుతున్నారు, ఒకసారి వివరంగా రాసేస్తే బాగుంటదనిపించింది.

బొమ్మలు చిన్నప్పట్నుంచీ వేస్తా. అమ్మమ్మ వాళ్ళది నరసాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే గోదారి దాటి అవతల ఒడ్డే. బాపు గారు పుట్టిన ఊరు కదా అది, 1933లో, అక్కడి పిల్లలకి ఆయన గీత అంటే సొంతింటి ఆస్తి లాగా ఉంటది, మామయ్య దాచుకున్న పాత వారపత్రికలు ముందేసుకుని ఆ బొమ్మలు చూసి చూసి గీసేదాన్ని. ఏడో తరగతిలో రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళారు, ఆయన 1925లో 28 ఏళ్ళయినా నిండకుండా పోయారని అక్కడ విని ఆ గదుల్లో ఉన్న బొమ్మలన్నీ మళ్ళీ మొదట్నుంచీ తిరిగి చూశా, అంత చిన్న వయసులో ఇంత పని ఎప్పుడు చేశారా అని. పెయింటింగే చదవాలని ఆ రోజే అనుకున్నా. ఇంట్లో ఒప్పించడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఆ కథ ఇప్పుడు వద్దు.

వైజాగ్‌లో బీఎఫ్ఏ, అంటే బొమ్మల డిగ్రీ, మొదటి ఏడాది నీళ్ళ మీద స్టడీ చెయ్యమన్నారు. నేను కెరటాలు వేశా. నీలం ఉంది, తెల్ల నురుగు ఉంది, వంపు ఉంది, అన్నీ ఉన్నాయి. మా సార్ చాలాసేపు చూసి "ఇది కెరటం కాదమ్మా, కెరటం గుర్తు. కెరటం ఎలా ఉంటదో నీకు ముందే తెలుసనుకుని వేసేశావు, చూడలేదు" అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు నిద్రలో కూడా తిరిగింది, ఎందుకంటే అది నిజం. సముద్రానికి 14 కిలోమీటర్ల దూరంలో పుట్టిన నేను కెరటాన్ని క్యాలెండర్లలో చూసి వేశా.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం స్కెచ్ బుక్కు పట్టుకుని రుషికొండ వెళ్ళేదాన్ని. కెరటం ఆగదు కదా, గీత మొదలుపెట్టేలోపు అది పోయి ఇంకోటి వచ్చేది, దాన్ని పట్టుకునేలోపు మూడోది. ఇసకలో కూర్చుని పేజీలకి పేజీలు సగం గీతలతో నింపా. అక్కడ సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళని మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు, ఒకరోజు ఒకతను బోర్డు మీద లేచి నిలబడి అడ్డంగా జారుతూ వెళ్ళాడు చూడండి, అప్పుడు నాకు ఒక్కసారిగా ఆ కెరటం మొత్తం అర్థమైంది, వాలు ఎంతుంది, ఎటు తిరుగుతోంది, ఎక్కడ విరగబోతోంది, అన్నీ. మనిషి దాని మీద నిలబడేదాకా ఉత్త నీళ్ళే, నిలబడ్డాక దానికో ఆకారం వచ్చింది. ఆ రోజు గీసిన స్కెచ్చు ఒక్కటే ఇప్పటికీ దాచుకున్నా.

ఇంక 2024 జులై 29. పారిస్ ఒలింపిక్స్ అప్పుడు సర్ఫింగ్ మాత్రం పారిస్‌లో కాదు, తాహితీ దీవిలో తియహుపో అనే చోట పెట్టారు. అక్కడ బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెదీనా కెరటం దిగి గాల్లోకి లేచి, వేలు పైకెత్తి, బోర్డు కూడా పక్కనే నిటారుగా నిలబడ్డట్టు ఉన్న ఫోటో మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటది. తీసింది ఎఎఫ్‌పీ వార్తా సంస్థ ఫోటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయే. హాస్టల్లో అందరూ ఎడిటింగేమో అన్నారు, నేను రాత్రంతా దాని గురించి చదువుతూ కూర్చున్నా. ఆయన పక్కన బోటులో ఉన్నాడు, అక్కణ్ణుంచి కెరటం ముందు వైపు కనపడదు, సర్ఫర్ వెనక వైపుకి బయటపడ్డాకే కనపడతాడు. అంటే కళ్ళతో చూసి నొక్కిన ఫోటో కాదు, ఇలాంటి కెరటం తర్వాత ఈ మనిషి ఇక్కడ పైకి వస్తాడని ముందే తెలిసి ఎదురుచూసిన ఫోటో. సార్ నాకు చెప్పింది ఇదే కదా అనిపించింది. చూడటం అంటే అంత తెలిసి ఉండటం.

తర్వాత ఒకటే వెతుకులాట. కాలిఫోర్నియాలో జాన్ 'డాక్' బాల్ అని పళ్ళ డాక్టరు, 1930ల్లోనే తన కెమెరాకి నీళ్ళు చొరబడని పెట్టె తనే తయారు చేసుకుని సముద్రంలోకి దిగాడు. హవాయిలో క్లార్క్ లిటిల్ అని బొటానికల్ గార్డెన్లో ఉద్యోగం చేసే ఆయన, 2007లో వాళ్ళావిడ పడగ్గది గోడకి కెరటం బొమ్మ ఒకటి కొందామంటే కొనడం ఎందుకు నేనే తీస్తా అని కెమెరా పట్టుకుని వెళ్ళాడు, ఒడ్డు దగ్గర విరిగే కెరటం లోపల్నుంచి బయటికి చూస్తూ ఆయన తీసే ఫోటోలు ఇవాళ ప్రపంచమంతా తెలుసు. ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు తోట ఉద్యోగి. వీళ్ళెవరూ ఫోటోగ్రఫీ స్కూల్ నుంచి రాలేదు, నీళ్ళ మీద ఇష్టం నుంచి వచ్చారు. నాకు అది ఎంత ధైర్యం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను.

2025 సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మొదటి ప్రయత్నం. ఫోను మెళ్ళో వేసుకునే ప్లాస్టిక్ కవరు ఉంటది కదా, దాంట్లో ఫోను పెట్టి దిగా. మూడో కెరటానికే కవరు మూలన ఒక చుక్క కనపడింది, ఒడ్డుకొచ్చేలోపు స్క్రీను మీద పచ్చ గీతలు, తర్వాత చీకటి. నాన్న బియ్యం డబ్బాలో పెట్టారు, నాలుగు రోజులు ఉంచారు. ఉప్పునీళ్ళకి బియ్యం ఏం చేస్తది, లోపల తుప్పు అప్పటికే మొదలైపోతది. మూడు నెలల స్కెచ్చుల ఫోటోలు అందులోనే పోయాయి. చాలా ఏడ్చా.

మే నెలలో చదువైపోయి ఇంటికొచ్చేశా. రెండు నెలలు రెండు స్కూళ్ళ గోడల మీద బొమ్మలేసి, ఒక కళ్యాణ మండపానికి తెరలు రాసి, 38 వేలు పెట్టుకుని చెన్నైలో ఒకాయన దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానికి సరిపోయే హౌసింగు, డోమ్, ఈతకి కాళ్ళకి తొడుక్కునే పొట్టి ఫిన్స్ జత కొన్నా. హౌసింగ్ అంటే కెమెరా చుట్టూ బిగించే గట్టి పెట్టె, ముందు అద్దం బుడగ లాగా ఉంటది, దాన్నే డోమ్ అంటారు. ఒకవైపు పట్టుకునే పిడి విరిగిపోయి వచ్చింది, ఫైబర్ బోట్లకి మాట్లేసే ఆయన దగ్గర కూర్చుని కొత్త పిడి వేయించుకున్నా, ఆయన దాన్ని పడవకి వేసినట్టే మూడు పొరలు వేశాడు, ఇప్పుడు పెట్టె పగిలినా ఆ పిడి మాత్రం పగలదు.

ఆ పెట్టెలో అసలు ప్రాణం ఎక్కడుందంటే ఓ రింగులో. మూతకీ పెట్టెకీ మధ్య కుక్కర్ గ్యాస్కెట్టు లాంటి సన్నటి రబ్బరు చుట్ట. దాని మీద ఒక ఇసక రేణువున్నా, ఒక తలవెంట్రుక అడ్డం పడ్డా, పంచె అంచు దారం పోగు ఇరుక్కున్నా ఆ సందులోంచే నీళ్ళు వస్తాయి. అందుకని రాత్రి పడుకునే ముందే చేస్తా ఆ పని, జుట్టు గట్టిగా ముడేసుకుని, ఫ్యాను ఆపి, తెల్ల గుడ్డ పరిచి, రింగు తీసి, వేళ్ళ మధ్య నుంచి మెల్లగా లాగుతూ చుట్టూ తడుముతా, కంటికి కనపడని ఇసక వేలికి తెలుస్తది. తర్వాత బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు రాసి మళ్ళీ కూర్చోబెడతా. మొదటి వారం కెమెరా పెట్టకుండా లోపల టిష్యూ పేపరు మడిచిపెట్టి, పెట్టెని నూతి పక్కన తొట్టిలో రాయి కట్టి ముంచి గంట తర్వాత తీసి చూసేదాన్ని. పేపరు పొడిగా ఉంటే ఆ రోజుకి పండగే.

ఇంకోటి, డోమ్ మీద నీటి చుక్కలు నిలబడితే ఫోటో అంతా మచ్చలే. దానికి మందు ఉమ్మే. నాలుకతో అద్దమంతా తడిపి నీళ్ళలో ముంచితే చుక్కలు కట్టకుండా పలచగా పొరలా జారిపోతది. ప్రపంచంలో సర్ఫ్ ఫోటోగ్రాఫర్లు చాలామంది చేసే పనే ఇది, లక్షల ఖరీదు కెమెరా ఉన్నా సరే.

అన్నిటికంటే ముఖ్యం మా బాబాయ్ గురించి చెప్పాలి. సొంత బాబాయ్ కాదు, వేట చేసే పెద్దాయన, నాన్న దగ్గర కొబ్బరికాయల లెక్కకి వస్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, అందుకని మే నెలలో ఆయనకి ఖాళీ. నేను ఇలా సముద్రంలో దిగి ఫోటోలు తీస్తానంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈత వచ్చా పాపా?" అన్నాడు. కాలవలో నేర్చుకున్నా బాబాయ్ అన్నా. "కాలవ నీరు నువ్వు ఈదితే కదులుద్ది. ఇది నువ్వు ఈదకపోయినా కదులుద్ది" అన్నాడు, మర్నాడు రమ్మన్నాడు.

ఆయన నేర్పిన మొదటి పాఠంలో అసలు నీళ్ళలోకే దిగలేదు. ఎండిన కొబ్బరి డొక్క ఒకటి తీసుకుని కెరటం వెనక్కి విసిరాడు, ఇద్దరం ఒడ్డున కూర్చున్నాం. డొక్క కాసేపు అక్కడక్కడే ఊగింది, తర్వాత మెల్లగా పడమరకి జరిగింది, ఒక చోటికి రాగానే ఎవరో తాడు కట్టి లాగినట్టు సూటిగా లోపలికి, సముద్రంలోకి పోయింది. అక్కడ కెరటాలు విరగట్లేదు, నీళ్ళు నున్నగా ఉన్నాయి, నేనైతే అదే మంచి చోటనుకునేదాన్ని. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి పోయే దారి అది. "నున్నగా కనపడ్డ చోటికి ఎల్లకు. అరిచే చోట మనిషి తేలతాడు, అరవని చోటే పోతాడు" అన్నాడు. ఇప్పటికీ దిగే ముందు డొక్క విసరకుండా దిగను. ఇంక మొగ దగ్గర, అంటే వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే చోట, అసలు దిగొద్దని ఒట్టు వేయించుకున్నాడు, పాటు మొదలైతే సముద్రం వెనక్కి లాగేదీ గోదారి ముందుకి తోసేదీ రెండూ కలిసి ఒకే వైపు పోతాయి. ఇది చదివి ఎవరైనా అక్కడ కెమెరాతో దిగుదామనుకుంటే దయచేసి వద్దు.

ఆ ఒడ్డునే పిల్లలు దొరికారు నాకు. ముగ్గురు, పెద్దాడు పదో తరగతి, మిగతా ఇద్దరూ ఇంకా చిన్నోళ్ళు. పాత పడవలోంచి ఊడిన థర్మాకోల్ దిమ్మ ఒకటి, అది విరిగిపోకుండా చిరిగిన వల ముక్క చుట్టి తాడుతో బిగించారు, దాని మీద బోర్లా పడుకుని కెరటంతో పాటు వస్తారు, పెద్దాడైతే లేచి నిలబడతాడు కూడా, రెండు సెకన్లు, మహా అయితే మూడు. వీళ్ళు సర్ఫింగ్ బోర్డు ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ మాటలో దీని పేరు కెరటం ఎక్కడం. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్ జరిగింది కదా, రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు, ఆ వీడియో నా ఫోన్లో చూపిస్తే ముగ్గురూ తలలు దూర్చి చూసి "ఇది మనం ఎక్కేదే కదక్కా, ఆయన చెక్క నున్నగా ఉంది అంతే" అన్నారు. చెక్క సంగతి ఎలా ఉన్నా పెద్దాడు పాదం పెట్టే తీరు మాత్రం నిజంగానే అదే, వెనక కాలు అడ్డంగా, మోకాళ్ళు వంచి, చూపు ముందుకి. ఎవరూ నేర్పలేదు వాడికి.

మొదటి నెల ఫోటోలన్నీ దండగ. ఎందుకంటే నేను వెతుకుతున్నది హవాయి. నీలం గాజు లాంటి గొట్టం, అందులోంచి మెరిసే ఎండ. మా కెరటం అలా ఉండదు, ఉండలేదు. గోదారి యుగాలుగా తెచ్చి పోసిన ఇసక, వండ్రు వల్ల ఇక్కడ సముద్రం అడుగు చాలా మెల్లగా లోతవుద్ది. కెరటం తన ఎత్తు కంటే కాస్త ఎక్కువ లోతు మాత్రమే మిగిలినప్పుడు విరుగుద్ది, మూడడుగుల కెరటం సుమారు నాలుగడుగుల నీళ్ళలో అనుకోండి, అడుగు మెల్లగా లేస్తుంటే అది దూరం నుంచే కూలుతూ కూలుతూ నురుగై వస్తది. అడుగు ఒక్కసారిగా లేచిన చోటే కెరటం కూడా ఒక్కసారిగా లేచి ముందుకి చుట్టుకుంటది. మా దగ్గర అది ఎప్పుడంటే పోటు నిండుగా ఉన్నప్పుడు, ఒడ్డు దగ్గర నిటారుగా ఉన్న ఇసక వాలు మీద పడేటప్పుడు, అది కూడా సెకను లోపే.

ఇంక రంగు. శ్రావణంలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, ఆ తర్వాత ఆ ఎర్రనీరంతా పాయల్లోంచి మా సముద్రంలోకి దిగుద్ది. అప్పుడు కెరటం ఇటుక రంగు. భాద్రపదం దాటాక మెల్లగా పలచబడి కార్తీకం నాటికి టీ రంగు, మాఘంలో భీష్మ ఏకాదశి కళ్యాణానికి జనం వచ్చే రోజులకి పసుపు కలిసిన ఆకుపచ్చ. నేను మొదట్లో ఈ రంగునంతా కంప్యూటర్లో మార్చేదాన్ని, ఆన్‌లైన్లో అందరూ వాడే ఆ నీలం ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో రంగు మార్చేసే రెడీమేడ్ సెట్టింగులు, వేసి. ఒకరోజు చిన్నోడికి చూపిస్తే "ఇది ఏ ఊరక్కా?" అన్నాడు. వాడు తను ఎక్కిన కెరటాన్నే గుర్తుపట్టలేదు. సార్ అన్న మాట మళ్ళీ చెవిలో మోగింది. నేను మళ్ళీ గుర్తే వేశా, ఈసారి కెమెరాతో.

ఆ రాత్రి ఆ నీలం ఫోటోలన్నీ తీసేశా. నాకు ఈ విషయంలో చాలా గట్టి అభిప్రాయం ఉంది, మన తీరం ఫోటోలు తీసేవాళ్ళందరికీ చెప్పాలనిపిస్తది, ఆ నీళ్ళ రంగు మురికి కాదండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో బయల్దేరిన నది దారంతా తీసుకొచ్చిన నేల అది. మన పొలాలు, కొబ్బరి తోటలు, మన ఇళ్ళ కింద ఉన్న లంకలు, అన్నీ ఆ వండ్రే. అదే ఇప్పుడు కెరటంలో నిలబడి ఉంది. దాన్ని నీలంగా మార్చేస్తే ఇంక మన ఫోటోలో మనం ఏం చూపించినట్టు?

రంగుని ఒప్పుకున్నాక వెలుతురు గురించి నేర్చుకోవడం మొదలైంది. వండ్రు నీళ్ళలోంచి ఎండ సూటిగా రాదు, ప్రతి రేణువుకీ తగిలి చెదిరిపోతది, కెరటం పొట్ట దగ్గర మందంగా మట్టి గోడలా కనపడతది. కానీ విరగబోయే ముందు పై అంచు పలచబడతది చూడండి, వేలెడు మందం, ఇంకా తక్కువ, అక్కడ మాత్రం వెనక నుంచి సూర్యుడు తగిలితే గ్లాసులో టీ ఎత్తి కిటికీకి పెట్టినట్టు వెలుగుద్ది. సూర్యుడు వెనకే ఉండాలి అంటే నెల చూసుకోవాలి. మా తీరం గీత ఇంచుమించు తూర్పు పడమరగా ఉండి సముద్రం దక్షిణాన ఉంటది, జూన్‌లో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి నేల మీద సరుగుడు తోటల్లోంచి వస్తాడు, కెరటానికి పక్క నుంచి కొడతాడు. అదే నవంబర్ నుంచి జనవరి దాకా ఆగ్నేయం వైపు జరిగి నీళ్ళ మీద నుంచే లేస్తాడు, కెరటం వెనక నుంచి. అంటే టీ రంగు నీళ్ళూ, వెనక సూర్యుడూ, పొద్దున్నే నిండు పోటూ, ఈ మూడూ ఒకే రోజు కలిసేది ఏడాదిలో కొన్ని పొద్దులే.

ఆ పొద్దుల కోసమే ఎదురుచూస్తుంటే అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు లేదు, కిటికీ రెక్కలు తాళ్ళతో కట్టేసి నలుగురం నడింట్లో కూర్చున్నాం. అమ్మ ఆ రాత్రి 1996 తుపాను గురించి చెప్పింది. నవంబర్ 6, అప్పుడు తనకి 13 ఏళ్ళు. స్కూలు బిల్డింగులో ఎలా దాక్కున్నారో, తెల్లారి బయటికొస్తే కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి దువ్వినట్టు ఎలా పడున్నాయో, తన పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి ఇంటి చోట నీళ్ళే ఎలా ఉన్నాయో. వెయ్యి మందికి పైగా పోయారు ఆ తుపానుకి. అమ్మ అంతర్వేది వస్తది, స్వామిని చూస్తది, గట్టు దాకా మాత్రం రాదు, ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు. అడక్కుండానే ఇన్ని నెలలూ ఆవిడ కళ్ళ ముందు నుంచి ఫిన్స్ పట్టుకుని బయటికి పోయా.

తుపాను తర్వాత పది రోజులు నేను వెళ్ళలేదు, వెళ్తానని అనలేదు కూడా. పదకొండో రోజు బాబాయ్ ఫోన్ చేశాడు, నాన్నకి. లైట్‌హౌసుకి ఇవతల నీళ్ళ కింద ఉన్న పాత ఇసక దిబ్బ కొట్టుకుపోయి వంద గజాల తూర్పుకి కొత్త దిబ్బ పడిందంట, పోటప్పుడు కెరటం దాని మీద లేచి చుట్టుకుంటోందంట, "పాపకి చెప్పండి, ఇలాంటిది నేను చూసి చాలా ఏళ్ళయింది" అన్నాడంట. నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ లేసు అల్లుతోంది, తల ఎత్తకుండానే "నేనూ వస్తా" అంది.

నవంబర్ మధ్యలో ఒక పొద్దున, ఆరింటికి ముందే. అమ్మ దారం ఉండ, సూది సంచిలో వేసుకుని వచ్చింది, బోర్లించిన పడవ మీద కూర్చుంది. నేను డొక్క విసిరి చూసుకున్నా, డోమ్ తడుపుకున్నా, దిగా. షట్టరు 1600వ వంతు సెకను, ఎపర్చర్ 8, ఫోకస్ ముందే ఒక మీటరు దగ్గర పెట్టి టేపు అంటించేశా, నీళ్ళలో ఇంక ఏదీ తిప్పడానికి టైముండదు. కొత్త దిబ్బ మీద కాళ్ళకి ఇసక గట్టిగా, అట్టలు అట్టలుగా తగిలింది. ముందు ఉత్తగా నిలబడి పది కెరటాలు వదిలేశా, ఎక్కడ లేస్తోందో చూస్తూ. తర్వాత లోపలికి జరిగి, ఒడ్డు వైపు తిరిగి, కెరటానికి వీపు పెట్టి. ఇది చాలా భయంగా ఉంటది, వెనక ఏం లేస్తోందో కనపడదు, మోకాళ్ళ దగ్గర నీళ్ళు వెనక్కి పీలుస్తుంటే ఆ పీల్చే బలాన్ని బట్టే తెలుసుకోవాలి. నీళ్ళు పిక్కల దాకా దిగిపోయాయంటే వెనకది పెద్దది. అప్పుడు కూర్చున్నట్టు కిందకి వంగి కెమెరా ముఖం ముందు పెట్టి నొక్కి పట్టుకుంటా, తల మీదుగా కప్పు వచ్చి ముందు పడతది, ఆ కప్పుకీ నీళ్ళకీ మధ్య సందులోంచి అర సెకను పాటు ఒడ్డు కనపడతది, తర్వాత ఇసకా నీళ్ళూ నేనూ అన్నీ ఒకటే. ముక్కులోకి ఉప్పు. లేచి ఊపిరి. మళ్ళీ.

ఆ పొద్దున 400 పైన ఫ్రేములు తీశా, ఇంటికొచ్చి చూస్తే వాటిలో 3 బావున్నాయి, ఆ 3లో ఒకటి నేను ఇప్పటిదాకా చేసిన పనులన్నిట్లోకీ నాకు ఇష్టమైనది, పెయింటింగులతో కలిపి చెప్తున్నా. పైన కెరటం కప్పు అంతా టీ రంగులో వెలుగుతోంది, అందులో వండ్రు గీతలు గీతలుగా, పాత చెక్కలో ఉండే గీతల్లాగా. కుడి మూల పెద్దాడు థర్మాకోల్ మీద నుంచి అప్పుడే గెంతాడు, ఒక పాదం ఇంకా దిమ్మని వదల్లేదు. దూరంగా కొబ్బరి చెట్లు, పడవ. దాని రంగు నేను ముట్టుకోలేదు.

ఇప్పుడు దాన్ని చూసి పెయింటింగ్ కూడా మొదలుపెట్టా. గట్టు దగ్గర వండ్రు తెచ్చి ఎండబెట్టి, పలచటి గుడ్డలో జల్లించి, తుమ్మ జిగురు కలిపి నూరుకుంటున్నా, ఆ కప్పు భాగమంతా ఆ రంగుతోనే పలచగా పొర మీద పొర వేస్తున్నా. ఇప్పటికి 11 పొరలయ్యాయి. ట్యూబు రంగుల్లో నాకు ఆ గోధుమ దొరకలేదు.

సంక్రాంతికి రాజోలులో 12 బై 18 ప్రింట్లు నాలుగు తీయించా. పెద్దాడికి ఒకటిస్తే ఏమీ మాట్లాడకుండా తన పాదం దగ్గరే చూస్తూ నిలబడ్డాడు, తర్వాత చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి పరుగు. బాబాయ్ చేతులు తడిగా ఉన్నాయని పట్టుకోనన్నాడు, నన్నే పట్టుకోమని దూరం నుంచి, దగ్గర నుంచి చూశాడు. పిల్లాణ్ణి చూడలేదు, నీళ్ళే చూశాడు. "తుపాను నీరు ఇది, ఇంకా తేరుకోలేదు. పోటు నిండిపోయి తిరగబోతంది, ఇదిగో ఈడ అడుగున ఇసక పైకి లేస్తంది సూడు. కొత్త దిబ్బ తూర్పు కొస కాడ తీశావు" అన్నాడు. అన్నీ నిజమే. నీలం వేసి ఉంటే ఆయనకి అందులో ఒక్క ముక్క కూడా కనపడేది కాదు కదా అని అప్పుడు అనుకున్నా.

నాలుగోది అమ్మకి. కళ్ళజోడు పెట్టుకుని, లేసు పని చూసుకున్నట్టు పైనుంచి కిందకి వరస వరసగా చూసింది. పడవ దగ్గర ఆగింది. అక్కడ చిన్నగా, గోరంత, ఒక మనిషి. పడవ మీద కూర్చుని లేదు, లేచి నిలబడి ఉంది, ఒక చెయ్యి నోటి మీద. నేను తీసేటప్పుడు చూడలేదు, ప్రింటు వేయించేదాకా గమనించలేదు. పిల్లలు తర్వాత చెప్పారు, ఆ పొద్దున నేను మునిగిన ప్రతిసారీ అమ్మ లేచి నిలబడిందంట, నేను పైకి తేలాక మళ్ళీ కూర్చుందంట.

"ఇది తీసినప్పుడు నువ్వెక్కడున్నావు?" అంది అమ్మ.

కెరటం లోపల ఉన్నానమ్మా అన్నా.

ఇంకాసేపు చూసి, "లోపల్నుంచి ఇలా ఉంటదా" అంది. ఫోటో తీసుకెళ్ళి బీరువా మీద గోడకి ఆనించి పెట్టింది. రేపు పొద్దున్న మళ్ళీ వెళ్ళాలి, నీళ్ళు ఆకుపచ్చకి తిరిగేలోపు ఇంకొన్ని రోజులే ఉన్నాయి, రాత్రి ఓ రింగు శుభ్రం చేస్తుంటే అమ్మ వచ్చి అడక్కుండానే ఫ్యాను ఆపింది.